గట్టు తిన్న మావయ్య

ముందుగా చదివేవాళ్లందరికీ దండాలు. నేను అయిదో తరగతి దాకా చదివాను. అందులోనూ వానాకాలం వస్తే బడి మానేసి ఉడుపులకి, అంటే వరి నాట్లకి, పోయేదాన్ని. ఏ అక్షరానికి ఒత్తు పెట్టాలో, ఎక్కడ దీర్ఘం తియ్యాలో నాకు ఇప్పటికీ అనుమానమే. పార తిప్పినంత తేలిగ్గా పెన్ను తిరగడం లేదు. మా పొదుపు సంఘంలో చదువుకున్న ఒకావిడ, "నువ్వు మాట్లాడినట్టే రాసెయ్, చదివేవాళ్లు సర్దుకుంటారు" అంది. మీరు సర్దుకుంటారన్న ధైర్యంతో రాస్తున్నాను. పొద్దు ఎలా పొడిచిందో, గాలి ఎలా వీచిందో అందంగా రాయడం నాకు చేతకాదు. మనిషి గురించి మాత్రం చెప్పగలను.

ఇవాళ పొద్దున్న గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని పొలం నుంచి వస్తున్నాను. సగం దూరం వచ్చాక తెలిసింది, నేను కిందకి చూడకుండా నడుస్తున్నానని. అదేమంత గొప్ప అనుకోకండి. మా పొలం గట్టు మీద మేమంతా ఏళ్ల తరబడి కాళ్లకేసి చూసుకుంటూ నడిచాం. ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి, తాడు మీద నడిచే గారడీ పిల్లలాగా. అలాంటిది ఇవాళ తలెత్తుకుని, ఎదరున్న కొండ చూసుకుంటూ వచ్చేశాను. వెంటనే మావయ్య గుర్తొచ్చాడు. నవ్వొచ్చింది. మోపు జారిపోతుందని ఆపుకున్నాను.

మావయ్య అంటే మాకు రక్తసంబంధం కాదు, ఊరి వరస. చోడవరం నుంచి దేవరాపల్లి పోయే దారిలో కాస్త లోపలికి ఉంటుంది మా ఊరు. ఊరి చివర మా మడి, అది దాటితే గెడ్డ, అంటే వాగు. గట్టుకి ఇవతల మేం, అవతల మావయ్య. మేం వరి వేస్తాం. ఆయన ఎక్కువగా చెరుకు వేసేవాడు. మాకున్నది ఆ ఒక్క మడే. ఇంట్లో ఏడాది పొడుగునా ఉడికే అన్నం దాన్లోంచి రావాలి. ఆయనకి ఇంకో రెండు చోట్ల కూడా ఉంది. అయినా ఆయన కళ్లు మాత్రం మా గట్టు మీదే ఉండేవి.

ఆయన్ని పార లేకుండా చూసినవాళ్లు తక్కువ. చోడవరం సంతకి వెళ్లినా, పెళ్లికి వెళ్లినా ఇంటికి పోయేముందు పొలం మీదుగా పోవాలని పార ఎక్కడో దగ్గర దాచి ఉంచేవాడు. దాన్ని ఆకురాయితో అరగదీసి అరగదీసి కొడవలి అంచులా ఉంచేవాడు. నోట్లో ఆరిపోయిన చుట్ట, నెత్తి మీద తుండు, భుజం మీద పార. నడిచేటప్పుడు తల ఎప్పుడూ ఎడమవైపుకి వంగి ఉండేది. వాతం అనుకునేవాళ్లు కొత్తవాళ్లు. వాతం కాదు. పొలంలోకి వెళ్లేటప్పుడు మా గట్టు ఆయనకి ఎడమచేతి వైపు ఉంటుంది.

గట్టు చెక్కడం అంటే పట్నంలో ఉన్నవాళ్లకి తెలీకపోవచ్చు. నాట్లకి మడిని బురదగా దున్ని దమ్ము పట్టే ముందు ఎవరి వైపు వాళ్లు గట్టు పక్కన పెరిగిన గడ్డిని పారతో పైపైన చెక్కేస్తారు. తర్వాత మడిలోంచి బురద తీసి అక్కడ మెత్తుతారు. ఎంత చెక్కారో అంత మెత్తితే గట్టు ఎక్కడిదక్కడే ఉంటుంది. మావయ్య ఈ పనిలో మొదటి సగమే చేసేవాడు. చెక్కేవాడు. మెత్తడం ఆయనకి గిట్టేది కాదు. చెరుక్కి నీళ్లు నిలవక్కర్లేదు కాబట్టి గట్టు పల్చబడితే ఆయనకి బెంగ లేదు. మాకు ఉంది. మా మడిలో నీళ్లు ఆయన చెరుకులోకి కారిపోతాయి. అందుకని మేం మా వైపు ఇంకాస్త బురద ఎక్కించేవాళ్లం. మరుసటి ఏడు ఆయన మళ్లీ చెక్కేవాడు. మేం మళ్లీ ఎక్కించేవాళ్లం. ఆయన తినేవాడు, మేం పెట్టేవాళ్లం. అలా ఆ గట్టు ఏటా కాస్త కాస్త నడుచుకుంటూ మా మడిలోకి వచ్చింది. కాళ్లు లేకుండా నడిచింది మా ఊళ్లో అదొక్కటే.

దీనికి సాక్షి ఒక తాడిచెట్టు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అది సరిగ్గా గట్టు మీద ఉండేది. ఉడుపుల రోజుల్లో దాని మొదట్లో కూర్చుని చల్దన్నం తినేవాళ్లం. ఇవతల మేం, అవతల మావయ్య వాళ్లు. ఉల్లిపాయలు ఇటూ అటూ మారేవి. తర్వాత తర్వాత ఆ చెట్టు మావయ్య చెరుకులోకి వెళ్లిపోయింది. చెట్టు మాత్రం కదల్లేదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"మావా, ఆ తాడిసెట్టు మీ సేలోకి ఎప్పుడెల్లింది?"

ఆయన చుట్ట తీసి, దాన్ని పరీక్షగా చూసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అదక్కడే పుట్టింది కోడలా. నువ్వు కొత్తగా వచ్చేవు. నీకు తెల్దు."

"నానొచ్చి నా కొడుక్కి పెళ్లీడొచ్చింది మావా."

"అదే సెప్తన్నాను. సెట్టు నీకంటే ముందొచ్చింది. ఎక్కడుండాలో దానికి తెల్దేటి?"

ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం. వేసవిలో ఆ చెట్టు ముంజికాయలు దింపించి మా ఇంటికి కూడా పంపేవాడు. సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని, "తిన్నారా? మా సెట్టు ముంజిలు మా గొప్ప రుసి" అనేవాడు. మా ఆయన నోట్లో ముంజి అడ్డంపడేది.

అలాగని చెడ్డవాడు అనడానికీ లేదు. ఒక ఏడు గాలివానకి మా పశువులపాక రేకులు లేచిపోతే, తడుస్తూ మొదట పరిగెత్తుకొచ్చింది మావయ్యే. తాళ్లు ఆయనే తెచ్చాడు. వాసం మీద ఎక్కి రేకులు ఆయనే కట్టాడు. ఆ వయసులో జారి పడితే ఏమయ్యేదో అని నేను కంగారుపడ్డాను. పని అయ్యాక టీ ఇస్తే తాగి, "వానకి మన్ను మెత్తబడింది, ఇప్పుడే ఒస్తాను" అని పార తీసుకుని గట్టు వైపు వెళ్లాడు.

ఇంత ఆశ ఎందుకంటే రోడ్డు కోసం.

రోడ్డొస్తంది. ఆ ఒక్క మాట మీద బతికాడు మావయ్య. పెద్ద రోడ్డు వస్తుందని, అది మా పొలాల మీదుగానే పోతుందని, అప్పుడు ఇక్కడ నేలకి బంగారం రేటు పలుకుతుందని ఆయన నమ్మకం. చోడవరం బస్టాండు దగ్గర టీకొట్టులో ఎవరో అన్నారు. ఎవరన్నారో ఆయనకే తెలీదు. ఏడాదికోసారి ఆ రోడ్డు పేరు మారేది. ఒక ఏడు నాలుగు లైన్లు, ఒక ఏడు రింగు రోడ్డు. ఒక ఏడు విమానాలు దిగే చోటికి పోయే రోడ్డు. పేరు మారినా అది మాత్రం మా గట్టు పక్కనుంచే పోయేది.

వంగి గుప్పెడు మన్ను తీసి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి అనేవాడు.

"ఇదిప్పుడు మన్ను కోడలా. రోడ్డొచ్చిందంటే దీని మీద మేడ. ఈ జానెడు మీద ఒక గది."

"ఆ గదిలో మాకేటైనా వాటా ఉంటాదా మావా? ఆ జానెడు మాదే కదా."

"నీ నోటికి తాళం ఎయ్యాలే. అద్దెకి నిన్నే ఉంచుతాను, సరేనా?" అని పకపకా నవ్వేవాడు. ఆ నవ్వుకి నాకూ నవ్వొచ్చేది. ఇంటికొచ్చాక మాత్రం ఆ కోపం గిన్నెల మీద చూపించేదాన్ని.

ఆమధ్య ఆయన చేతికి పెద్ద ఫోను వచ్చింది. అనకాపల్లిలో పని చేసుకునే కొడుకు కొనిచ్చాడు. దాన్లోకి ఎవరో ఒక పటం పంపారు. నిండా గీతలు, మధ్యలో ఒక ఎర్రగీత. మావయ్య దాన్ని కనపడినవాళ్లందరికీ చూపించాడు. కల్లు తాగేవాడి దగ్గర్నుంచి కోమట్లాయన దాకా ఎవర్నీ వదల్లేదు. గోరు పొడుగ్గా పెంచిన వేలితో ఆ గీత మీద రాసి రాసి, "ఇది సూడు. ఇదే. ఇక్కడ తిరిగిందా? ఇక్కడే మన తాడిసెట్టు" అనేవాడు. ఊళ్లో చదువుకున్న కుర్రాడు ఒకడు చూసి, "తాతా, ఇది మన వైపు కాదు. వేరే జిల్లా పటం ఇది" అన్నాడు.

మావయ్య బెదరలేదు. "గీత ఎక్కడో ఒక దగ్గర మొదలవ్వాలి కదరా. మెల్లగా ఇటే తిరుగుతాది" అన్నాడు.

నేల కోసం వచ్చేవాళ్లు నిజంగానే వచ్చేవారు. అది అబద్ధం కాదు. విశాఖపట్నం నుంచి కార్లేసుకుని, నల్లద్దాలు పెట్టుకుని, దుమ్ము అంటకుండా ప్యాంటు పైకి పట్టుకుని తిరిగేవాళ్లు. కారు హారను వినపడితే మావయ్య ఉతికిన పంచె కట్టుకుని తయారయ్యేవాడు. ఒకసారి అలా వచ్చిన ఒకాయనకి కొబ్బరిబోండాం కొట్టించి ఇచ్చి, ఊరి చివరిదాకా తీసుకొచ్చి పొలం చూపించాడు. మేం మడిలో కలుపు తీస్తున్నాం. అంతా మాకు వినపడుతోంది.

"భూమి బాగుంది. మరి దీనికి దారేది?" అని అడిగాడు ఆ కారాయన.

"ఇదిగో, గట్టుంది కదా బాబూ."

కారాయన గట్టుకేసి చూశాడు. అప్పటికే అది మూరెడు ఉందో లేదో. బూటుకాలు పెట్టి నాలుగు అడుగులు వేశాడు. అయిదో అడుగుకి మా మడిలో మోకాలి దాకా దిగాడు. మా ఆయన చెయ్యిచ్చి లాగాడు.

"దీని మీద మనిషే నడవలేడు. కారెలా వస్తుందండీ?"

"రోడ్డొస్తాది కదా బాబూ."

"రోడ్డొచ్చినా అది అక్కడెక్కడో ఉంటుంది. అక్కణ్ణుంచి ఇక్కడికి దారుండాలి కదా. దారి లేని భూమి ఎవరు కొంటారు?"

ఆయన బురద కాలుతోనే కారెక్కి వెళ్లిపోయాడు. కొబ్బరిబోండాం సగం తాగి వదిలేశాడని మావయ్య చాలా రోజులు బాధపడ్డాడు.

ఆ సాయంత్రం మా ఆయన నెమ్మదిగా మాట ఎత్తాడు. మా ఆయన ఎవరితోనూ గొంతెత్తి మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు ఎంత ఆలోచించుకుని వెళ్లాడో నాకు తెలుసు. మావయ్య వాళ్ల అరుగు మీద అత్త చేటలో బియ్యం ఏరుతోంది. అత్త అంటే మావయ్య భార్య. తక్కువ మాట్లాడుతుంది. మాట్లాడితే మాత్రం ఎదటివాడికి తాగడానికి నీళ్లు కావాలి.

"బాబాయ్, ఒక మాట సెప్తాను. నువ్వు కొంత ఇయ్యి, నాను కొంత ఇస్తాను. గట్టుని బండిబాట సేసుకుందాం. నీ సెరుకు ట్రాక్టరు మీద నేరుగా ఎల్లిపోద్ది. మోపులు మోయించక్కర్నేదు. మాకూ దాన్యం తెచ్చుకోడానికి పనికొస్తాది. అవతల గెడ్డ ఒడ్డుకి శవాలు తీసుకెల్లడానికి ఊరికీ దారుంటాది."

మావయ్య పార అంచు మీద బొటనవేలు రాస్తూ విన్నాడు.

"ఒరే అబ్బాయ్. గవర్నమెంటు రోడ్డొస్తా ఉంటే నాను రోడ్డుకి భూమెందుకివ్వాలిరా?"

"ఆ రోడ్డు వచ్చినప్పుడు సూద్దాం బాబాయ్."

"ఒచ్చేక సూడ్డానికేటుంటాది? ముందే భూమి ఒగ్గేసుకున్నోడు ఎర్రోడు. కావాలంటే మీ వైపు నుంచి ఇయ్యండి. మీ పేరెట్టి సెప్పుకుంటారు జనం."

చేటలో బియ్యం చప్పుడు ఆగింది.

"ఎర్రోళ్లు ఆళ్లు కాదు" అంది అత్త, తల ఎత్తకుండా. "ఇన్నేళ్లు నీకు మన్ను మోసిపెట్టేరు సూడు, ఆళ్లు దేవుళ్లు."

"నువ్వూరుకోయే. నీకేటి తెలుసు రేట్లు."

"నాకు బియ్యంలో రాళ్లు తెలుసు" అని మళ్లీ చేట అందుకుంది.

మా ఆయన లేచి వచ్చేశాడు. ఆ ఏడు నుంచి గట్టుకి మా వైపు బురద ఎక్కించడం మానేశాడు. మోకాళ్లు సహకరించడం లేదన్నాడు. మోకాళ్లు కాదని నాకు తెలుసు. నేనే ఒక్కదాన్ని చేతనైనంత మెత్తి, నీళ్లు పోకుండా చూసుకునేదాన్ని. మావయ్య చెక్కడం మాత్రం ఆగలేదు. దాంతో గట్టు నడవడం మానేసి చిక్కిపోవడం మొదలుపెట్టింది. మూరెడు జానెడయింది. జానెడు బెత్తెడయింది. గట్టు ఇంకా ఉంది అని చెప్పుకోవడానికి గడ్డి ఒకటే మిగిలింది.

మధ్యలో ఒకసారి మాకు ఆశ పుట్టింది. పొలాలు మళ్లీ కొలుస్తారని, ఆకాశంలోంచి ఫోటోలు తీస్తారని ఊళ్లో చాటింపు వేశారు. పైనుంచి చూస్తే అన్యాయం తెలిసిపోతుంది కదా అనుకున్నాను. తాడిచెట్టు పైనుంచి కూడా కనపడుతుంది కదా. ఆ రోజు మావయ్య తెల్లవారకుండానే లేచి, తలంటు పోసుకుని, తెల్ల తలపాగా చుట్టుకుని వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. ఆ ఫోటోలు తీసే డ్రోను గుయ్యిమంటూ మా నెత్తి మీదుగా పోతుంటే మెడ ఎత్తి చేతులు జోడించాడు.

"ఎందుకు మావా దండం?" అన్నాను.

"పైనుంచి సూసేవోడికి ఇక్కడ మనిషున్నాడని తెలియాలి కదా. నాను ఎక్కడ నిలబడితే అదే నా హద్దు."

తర్వాత కొలిచేవాళ్లు వచ్చి హద్దు ఎక్కడని అడిగితే, గట్టే హద్దు అన్నాడు. మేం తాడిచెట్టు చూపించాం. ఇద్దరూ ఒక మాట మీదకి రండి అని చెప్పి వాళ్లు పక్క పొలంలోకి వెళ్లారు. మేం ఒక మాట మీదకి ఎలా వస్తాం. ఒక గట్టు మీదే ఇద్దరం నిలబడలేకపోతుంటే.

నిరుడు వానల్లో ఊళ్లో ఒక ముసలమ్మ పోయింది. మా ఊరి కాష్ఠాలు పేర్చేది గెడ్డ ఒడ్డునే. అక్కడికి పోవాలంటే మా గట్టే దారి. వేసవిలో పోయినవాళ్లకి ఇబ్బంది లేదు, మళ్లన్నీ ఎండి ఉంటాయి కాబట్టి ఎటైనా తీసుకెళ్లొచ్చు. వానల్లో పోయినవాళ్లకే చిక్కు. పాడె మోసేవాళ్లు పక్కపక్కన నడవాలి. బెత్తెడు గట్టు మీద ఎలా నడుస్తారు? అవతల ఆకులతో జడలు చుట్టి నిలబెట్టిన చెరుకు, గోడలా. ఇవతల మా ఉడుపు మడి. అందరూ మా మడిలోకే దిగారు. అప్పుడప్పుడే పచ్చబడుతున్న నాట్లన్నీ కాళ్ల కింద బురదలోకి పోయాయి. శవానికి అడ్డం చెప్పే రాతిగుండె ఎవరికుంటుంది? నేను మడి అంచున నిలబడి చూశాను.

మావయ్య నా పక్కకొచ్చి, ఎంతో మెత్తగా అన్నాడు.

"ఏటీ అనుకోకు కోడలా. సచ్చినోళ్లకి దారిస్తే పున్నెం. ఆ పున్నెం ఊరికే పోదు."

"మరి ఆ పున్నెంలో మీరూ కొంచెం తీసుకోండి మావా. మీ వైపూ తొక్కమందాం."

"సెరుకు కదే! తొక్కితే ఇరిగిపోద్ది" అన్నాడు. నిజంగా ఆశ్చర్యపోయాడు, నాకీపాటి తెలీదా అన్నట్టు.

తొక్కిన చోట మళ్లీ నాటడానికి ఆకుమడిలో నారు మిగల్లేదు. ఆ ఏడు మా మడి మధ్యలో ఒక బాట బోసిగా ఉండిపోయింది. కోతలప్పుడు మా ఆయన ఆ ఖాళీ దగ్గర నిలబడి, కొడవలి చేతిలో పట్టుకుని, ఆ బాటని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశాడు. తర్వాత అన్నాడు, "ఇంకోసారి ఈ మడిలోంచి ఎవరెల్లినా నాను ఒప్పుకోను. సచ్చిందెవరైనా సరే."

ఆ ఇంకోసారి సచ్చింది మావయ్యే.

భాద్రపదంలో, ముసురు పట్టి వదలని రోజుల్లో. పొద్దున్నే అరుగు మీద కూర్చుని టీ తాగుతూ ఫోను చూసుకుంటున్నాడట. చూస్తూ చూస్తూ గోడకి ఆనుకున్నాడు. "ఆ ఎర్రగీతే సూస్తన్నాడనుకున్నాను" అని అత్త చెప్పింది. ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదు, మంచి చావు అన్నారందరూ. ఇబ్బంది ఇంకా ముందుందని అప్పటికి ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది. మా ఆయనకీ తట్టింది. మేం ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

అనకాపల్లి నుంచి కొడుకు వచ్చాడు. పాడె కట్టారు. డప్పులు మోగాయి. చినుకుల్లోనే బయల్దేరారు. మా వైపు ఆడవాళ్లు ఊరి చివరిదాకా వెళ్లి ఆగిపోతారు. మా పొలాలు అక్కడే మొదలవుతాయి. అందుకని అత్త కూడా అక్కడిదాకా వచ్చింది, నలుగురు ఆడవాళ్లు పట్టుకుంటే.

గట్టు దగ్గరికి రాగానే డప్పులు ఆగిపోయాయి.

ముందున్న కొడుకు, చేతిలో నిప్పుకుండతో, గట్టుకేసి చూశాడు. అటు చెరుకుకేసి చూశాడు. ఇటు మా మడికేసి చూశాడు. పాడె మోసేవాళ్లు ఇంక అడగడం ఎందుకన్నట్టు మా మడి వైపు తిరిగారు. నిరుడు తొక్కిన చోట ఈ ఏడు నాట్లు బాగా దుబ్బు కట్టాయి. నేను వాటినే చూస్తున్నాను. మా ఆయన మడి అంచున నిలబడ్డాడు. చేతులు రెండు వైపులా కొంచెం చాపాడు, గేదె రాకుండా అడ్డం నిలబడ్డట్టు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. "శవానికి అడ్డమేటిరా" అన్నాడొకడు. మా ఆయన చేతులు దించలేదు. ఆ చేతులు చూసి నాకు ఏడుపొచ్చింది. మావయ్య కోసం అప్పటిదాకా రాలేదు.

"ఆగండ్రా" అంది అత్త.

పట్టుకున్న ఆడవాళ్లని విదిలించుకుని ముందుకొచ్చింది.

"ఆ మడిలో కాలెట్టకండి."

"అమ్మా, మరెలా?" అన్నాడు కొడుకు.

"బతికున్నన్నాళ్లూ ఆళ్ల మడి తిన్నాడు. సచ్చేక తొక్కాలి కూడానా? కత్తులు తెండి. సెరుకు కొట్టండి."

"ఇంకా పక్వానికి రాలేదే అమ్మా! ఇప్పుడు కొడితే ఎందుకూ పనికిరాదు."

"నీ బాబు పక్వానికొచ్చేడు కదరా. కొట్టు."

ఎవరో ఒకరు కిసుక్కున నవ్వారు. వెంటనే దగ్గులోకి మార్చుకున్నారు. కత్తులు వచ్చాయి. కొడుకు నిప్పుకుండ పక్కవాడికిచ్చి, తనే మొదటి గడ కొట్టాడు. పాడె అంత వెడల్పున కొట్టుకుంటూ పోయారు. అత్త వానలో నిలబడి దారి చెప్పింది.

"కుడికి పోకు. తిన్నగా. ఆ తాడిసెట్టు పట్టుకుని కొట్టండి. గట్టు పూర్వం అక్కడే ఉండేది."

ఊరంతా విన్నారు. ఆ మాట కోసం నేను ఎన్నేళ్లు చూశానో నాకే తెలుసు. తీరా వినపడ్డాక గొప్పగా ఏమీ అనిపించలేదు. మా ఆయన చేతులు కిందకి దించాడు. తువ్వాలు నడుముకి బిగించి, అటు వెళ్లి ఒక కత్తి అడిగి తీసుకుని, తనూ చెరుకు కొట్టాడు. ఆ పైన పాడె దగ్గరికి పోయి ఒక కొమ్ము అందుకున్నాడు.

అలా మావయ్య వెళ్లాడు. పడుకుని, తలకింద ఎత్తుతో, దర్జాగా, తన పొలం మధ్యలోంచి. రెండు పక్కలా చెరుకు వంగి చూస్తోంది. డప్పులు మళ్లీ అందుకున్నాయి. అంత వెడల్పు దారి మా పొలాల్లో నేను ఎప్పుడూ చూడలేదు. తాడిచెట్టు పక్కనుంచి పాడె మలుపు తిరుగుతుంటే నా నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది.

"రోడ్డొచ్చింది మావా."

పక్కనున్న అత్త విన్నది. కళ్లొత్తుకుంటూనే, "సూసుకోనీ. ఇన్నాళ్లూ దీని కోసమే కదా" అంది.

పెద్దకర్మ అయ్యాక అత్త కూలోళ్లని పెట్టి, ఆ కొట్టిన దారి మీదే మన్ను పోయించింది. తాడిచెట్టుని కలుపుకుని గట్టు వేయించింది. మనిషి పక్కన మనిషి నడిచేంత వెడల్పు. కొడుకు, "అమ్మా, రేపు రేటు పెరిగితే" అని ఏదో అనబోయాడట. "రేపు నానూ ఈ దారినే పోవాలి కదరా. నన్ను సెరుకులోంచి ఈడ్సుకెల్తావా?" అందట.

కోతలయ్యాక పాత బెత్తెడు గట్టుని మేం మడిలోకి కలిపి దున్నేశాం. మావయ్య పార ఇప్పుడు అత్త వాళ్ల చూరులో గుచ్చి ఉంది. తుప్పు పడుతోంది. ఎవరూ తియ్యడం లేదు. రోడ్డు మాత్రం ఇంకా రాలేదు. ఈమధ్య టీకొట్టులో దాని పేరు మళ్లీ మారిందని మా ఆయన చెప్పాడు.

ఇంతే. ఇంతకన్నా నాకు రాయడం రాదు. పోయిన మనిషిని నవ్వుతూ రాసినందుకు ఎవరైనా నొచ్చుకుంటే, ఆయన కూడా నవ్వే మనిషేనని గుర్తు పెట్టుకోండి. నా రాతలో తప్పులు చాలా ఉంటాయి. ఎక్కడైనా అక్షరం ఎక్కువైతే పైపైన చెక్కేయండి. ఎక్కడైనా తక్కువైతే మీ వైపు నుంచి కాస్త బురద మెత్తండి. చెక్కడం ఒకటే చేసి పోకండి. పెద్ద మనసుతో మన్నించండి.